జోలపాటలో ఆవలింత

గొంతు ఒకరిది, పేరు మరొకరిది. ఒక తరం పిల్లలను నిద్రపుచ్చి, ఆ పిల్లలు పెద్దవారై కన్న బిడ్డలను కూడా నిద్రపుచ్చిన ఒక పాటకు జరిగిన అన్యాయం ఇది. ఆ సినిమా గోడపత్రిక మీద గొర్రెపిల్ల అరుపును అనుకరించినవాడి పేరు ఉంది. హాలు ముందు అమ్మిన పాటల పుస్తకంలో, దాన్ని అచ్చువేసిన ముద్రణాలయం పేరు రెండుచోట్ల ఉంది. డిస్కు అట్ట మీద ఆ అట్టకు రంగులు దిద్దినవారి పేరు కూడా ఉంది. జోలపాట పాడిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. అది ఉండవలసిన చోట, ఆ పాటను ఒక్కనాడూ పాడని పేరున్న గాయని పేరు ఉంది. అదీ చాలదన్నట్టు, ఇన్నేళ్ళ తరువాత ఆ గొంతునే తుడిచిపెట్టబోయారు. ఆ పనికి వారు పెట్టుకున్న ముద్దుపేరు 'శుభ్రపరచడం'.

ఆ గొంతు కళ్ళద్దాల అత్తయ్యది.

బజారులో తాళాల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య ఇరుకుగా నిలబడ్డ కళ్ళద్దాల దుకాణం వారిది. వెనక గదిలో ఆమె భర్త అద్దాలను ఫ్రేముల కొలతకు అరగదీస్తాడు. ముందు బల్ల దగ్గర ఆమె ఫ్రేములను ముఖాలకు కుదురుస్తుంది. మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకోవడానికి వచ్చే పిల్లలందరూ ఆమె వంతే. ఆ పని చూడడానికి తేలిక. చెవి వెనక వంపు ఎక్కడ మొదలవుతుందో బొటనవేలితో తడిమి, కాడను వేడిగాలికి పట్టి, మెత్తబడగానే వంచి, చల్లారేలోగా పెట్టి చూడాలి. ఈలోగా పిల్లవాడు తల తిప్పితే పని మొదటికి వస్తుంది. ఏడ్చే పిల్లలు తల తిప్పకుండా ఉండరు. అందుకని ఆమె కూనిరాగం తీస్తుంది. రాగం రెండు చుట్లు తిరిగేసరికి బిగుసుకున్న మెడ వదులవుతుంది.

"అత్తయ్యా, అది బొమ్మల సినిమాలో పాట కదా! నీకెలా వచ్చు?" అని ప్రతి పిల్లా అడుగుతుంది.

"అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చు. కదలకు మరి."

ఆ మాట వినబడగానే వెనక గదిలో అరగదీసే చక్రం ఠక్కున ఆగుతుంది. భర్త గొంతు సవరించుకుంటాడు. ఆమె అటు చూసి కళ్ళతోనే కసురుతుంది. చక్రం మళ్ళీ తిరుగుతుంది.

పెళ్ళికి ముందు ఆమె ట్రాకు పాడేది. పేరున్న గాయనీగాయకులు తీరిక చేసుకొని వచ్చేదాకా సినిమా పని ఆగకుండా, వారి స్థానంలో ముందుగా మరొకరు పాడి పెడతారు. దాన్ని ట్రాకు అంటారు. పెద్దవారు వచ్చి అది విని, తమ గొంతుతో పాడి వెళ్ళాక ట్రాకును చెరిపేస్తారు. గోడకు రంగు వేయడానికి కట్టిన పరంజాను పని కాగానే విప్పేసినట్టే. ఆమె పాడినవన్నీ అలాగే చెరిగిపోయాయి. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ 'నిద్రలేని రాజ్యం' అనే బొమ్మల సినిమాలోది. ఎక్కడో గీసిన ఆ సినిమా ఎన్నో భాషలు తిరిగి మన భాషలోకీ వచ్చింది. పుట్టి బుద్ధెరిగి నిద్రపోని ఒక రాక్షసుడు, హాయిగా గురకలు పెట్టే మనుషులను చూసి ఓర్వలేక, ఒక రాజ్యంలోని నిద్రనంతా దోచుకుపోయి నత్తగుల్లలో దాస్తాడు. గొర్రెలు కాచే పిల్ల ఒకతె, చంకలో గొర్రెపిల్లతో కొండెక్కి, ఆ రాక్షసుణ్ణే జోకొట్టి నిద్రపుచ్చి, నిద్రను విడిపిస్తుంది. కథ అంతే. ఇల్లిల్లూ ఆ సినిమాను ఎందుకంత గుండెకు హత్తుకున్నదో అర్థం కావాలంటే హాల్లో తెరను కాదు, జనాన్ని చూడాలి. కిరీటం ఒక పక్కకు ఒరిగి, కళ్ళ కింద నల్లటి చారలతో రాణి తూలుతూ రాగానే ముందుగా నవ్వేది పసిబిడ్డల తల్లులు. నిద్ర రాక పొద్దస్తమానం సమావేశాలు పెట్టుకొని, ఏ నిర్ణయానికీ రాలేక పాటందుకునే ముగ్గురు మంత్రులను చూసి తండ్రులు పొట్ట పట్టుకుంటారు. వారికి తమ ఆఫీసులు గుర్తుకొస్తాయి. పిల్లలు రాక్షసుణ్ణి చూసి తల్లి చెంగులో తల దూర్చుకుంటారు. పాట అయ్యేసరికి ఆ పిల్లలే తల బయటపెట్టి, "పాపం, పడుకోనీ" అంటారు. ఆ సినిమాలో ఎవరూ ఎవరినీ చంపరు. ఎవరికీ శిక్ష పడదు. అలసిపోయినవాడికి ఎవరో ఒకరు పాట పాడతారు, అంతే. ఏ వయసువాడు వెళ్ళినా వాడి వయసుకు తగ్గది వాడి ఒళ్ళో పెట్టి పంపే సినిమాలు వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఇది వాటిలో ఒకటి.

ఆ జోలపాట ట్రాకు తీసిన రోజు ఆమె పొద్దుటినుంచీ పాడుతూనే ఉంది. మంత్రుల పాటకు, రాణి పాటకు, గొర్రెల పాటకు ట్రాకు పాడాక, సాయంత్రం చివరగా జోలపాట వచ్చింది.

నిదురా నిదురా, నీ ఇల్లెక్కడే
కొండ చాటునా, కంటి కొసనా

రెండో చరణానికి ముందు గొర్రెలు కాచే పిల్ల మనకు వీపు తిప్పి, జారిపోతున్న గొర్రెపిల్లను ఎత్తుకుంటుంది. అక్కడ మాటలు లేవు, సంగీతమే. సరిగ్గా అక్కడ ఆమెకు ఆవలింత వచ్చింది. ఆపుకోబోయింది, ఆపుకున్నకొద్దీ పెద్దదైంది. నోటికి అంగుళం దూరంలో మైకు. నిండైన ఆవలింత, చివర చిన్న నిట్టూర్పుతో సహా, టేపు మీదికెక్కింది. అద్దం అవతల రికార్డిస్టు ఆపుదామని మీట మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఉండగా ఆయనకూ నోరు తెరుచుకుంది. ఆయన మూసుకునేసరికి ఆమె రెండో చరణంలో ఉంది.

"సార్, తప్పయిపోయిందండీ. మళ్ళీ పాడతాను."

"ఎందుకమ్మాయ్? ట్రాకే కదా. రేపు పెద్దావిడ వచ్చి పాడతారుగా. ఇంటికెళ్ళి పడుకో. నన్నూ పడుకోనీ."

పెద్దావిడ మర్నాడు రాలేదు. గొంతు పట్టేసిందన్నారు. ఆ తరువాత ఊళ్ళో లేరన్నారు. మిగతా పాటలన్నీ ఎలాగో పాడి వెళ్ళారు గాని జోలపాట మిగిలిపోయింది. బడులకు సెలవులిచ్చేరోజుకు సినిమా హాళ్ళలో ఉండాలి. చెరపవలసిన ట్రాకును చెరపకుండానే పంపేశారు. పేర్లు మాత్రం అప్పటికే అచ్చయిపోయాయి.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొత్తగా పెళ్ళయిన భర్తతో కలిసి హాల్లో కూర్చున్నప్పుడు తెర చెప్పింది. ఆమె భర్త మోచెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, అది నేనే."

"ఏది, గొర్రెపిల్లా?"

"వేళాకోళం కాదండీ. ఆ గొంతు నాది. ట్రాకు ఉంచేశారు."

ఆయన తెరను చూశాడు, ఆమెను చూశాడు. అంతలో ఆవలింత వచ్చింది. ముందు పాటలో, వెంటనే తెర మీద రాక్షసుడికి, ఆపైన హాలంతా. గొర్రెలు కాచే పిల్ల ఆవలించింది కాబట్టే రాక్షసుడికి ఆవలింత అంటుకుందని జనం అనుకున్నారు. గీసినవారికే రాని ఆలోచన అది. ఆయన కూడా ఆవలించి, కళ్ళు తుడుచుకొని అన్నాడు: "అవును, నువ్వే. పొద్దున్నే కాఫీకి ముందు అచ్చం ఇలాగే ఆవలిస్తావు."

అప్పటినుంచి అది ఇళ్ళల్లో స్థిరపడిపోయింది. పిల్లలను పడుకోబెడుతూ ఆ పాట పాడే తల్లి, తండ్రి, నాయనమ్మ, ఎవరైనా సరే, రెండో చరణానికి ముందు ఆగి ఆవలిస్తారు. మాటలు మరిచినా ఆవలింత మరవరు. పాటతో పడుకోని మొండిపిల్లలు ఆ ఆవలింతకు లొంగుతారు.

ఆమె నోరు విప్పలేదు. ట్రాకు పాడినవారు 'అది నేను పాడినది' అనరాదని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. అంటే మరునాడు పిలుపు రాదు. పిలుపులు ఎటూ తగ్గిపోయి, ఆమె కళ్ళద్దాల బల్ల దగ్గర స్థిరపడ్డాక, ఇక చెప్పి ప్రయోజనమేమిటనుకుంది. పేరున్న గాయనికి మాత్రం సంగతి బాగా తెలుసు. కచేరీలలో జనం జోలపాట పాడమని అరిస్తే, "ఇవాళ గొంతు బాగోలేదు" అనేవారట. మిగతా పాటలన్నిటికీ బాగుండే గొంతు ఆ ఒక్క పాటకే జీవితమంతా బాగుండకపోవడాన్ని ఏ విలేకరీ వింతగా చెప్పుకోలేదు!

ఆ తరువాత కళ్ళద్దాల అత్తయ్యకు గొంతులో గడ్డ లేచింది. శస్త్రచికిత్స చేసి తీశారు. ప్రాణానికి ఢోకా లేదు గాని గొంతు బొంగురుపోయింది. కూనిరాగం వరకే మిగిలింది. నోరు తెరిచి పాడితే మాట గీరుకుంటుంది. మనవరాలు నాయనమ్మ పాట వినడమంటే ఆ సినిమా వినడమే. ఆమె పాడిన గొంతు ఇప్పుడు ఆమెలో కూడా లేదు. ఆ జోలపాటలో తప్ప లోకంలో మరెక్కడా లేదు.

ఇలా ఉండగా ఒకనాడు కోడలు, బస్సు కండక్టరు, డ్యూటీ దిగి తిన్నగా దుకాణంలోకి వచ్చింది.

"అత్తయ్యా, మీ సినిమా మళ్ళీ వస్తోంది. మా బస్సు వెనకాలే పోస్టరు. రంగులు కడిగి, సౌండు కడిగి, కొత్తగా వేస్తారట."

"మంచిదే కదే. పాపను తీసుకెళ్దాం."

"మొత్తం వినండి. జోలపాట కొత్తమ్మాయి పాడిందట. ఈ కాలానికి తగ్గట్టు, ఏ లోపం లేకుండా, అని రాశారు."

చేతిలోని ఫ్రేము కాడ వేడి మీద ఉండిపోయింది. ప్లాస్టిక్ కమురు వాసన వచ్చాక గాని ఆమె గమనించలేదు. వెనక గదిలో చక్రం ఆగింది. భర్త బయటికి వచ్చాడు.

"ఇన్నాళ్ళూ పేరు తీసుకున్నారు, ఊరుకున్నావు," అన్నాడు. "ఇప్పుడు గొంతే తీసుకుంటున్నారు. ఇంకా ఊరుకుంటావా?"

"నేను వెళ్ళి ఏమని చెప్పనండీ? ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే పోయె. అడగకపోతే రేపు నీకే నిద్ర పట్టదు."

మర్నాడు అత్తాకోడళ్ళు ఆ సినిమాను మళ్ళీ విడుదల చేస్తున్న సంస్థ కార్యాలయానికి వెళ్ళారు. మేనేజరు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ వేయించాడు.

"చెప్పండి ఆంటీ."

"ఆ జోలపాట నేను పాడాను బాబూ."

"పాత పాట కదా ఆంటీ, అందరికీ అలాగే అనిపిస్తుంది. మా అమ్మ కూడా అది తన పాటే అంటుంది."

"అనిపించడం కాదు బాబూ. పాడాను."

"పేరు వేరే ఉందే మరి? పోనీ, రెండు ముక్కలు పాడండి."

ఆమె పాడింది. గొంతు గీరుకుంది. మేనేజరు మర్యాదకు తల దించుకొని బల్ల మీది పెన్ను వంక చూశాడు. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"గొంతుకి ఆపరేషన్ అయిందండీ! అప్పటి గొంతు ఇప్పుడు తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తారు? మీ దగ్గరే ఉంది. మీరే చెరిపేస్తున్నారు," అంది కోడలు.

"కోప్పడకండి మేడమ్. అసలు ఆ పాటలో లోపం ఉంది. మధ్యలో ఎవరో ఆవలించారు. అది కోసేస్తే పాట అతుకులబొంత అయింది. అందుకే మొత్తం కొత్తగా పాడించాం."

"ఎవరో కాదు బాబూ, నేనే," అంది అత్తయ్య మెల్లగా.

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వి, విడుదలకు ముందు కుటుంబాలకు వేసి చూపే ఆటకు టిక్కెట్లు చేతిలో పెట్టి పంపాడు. మెట్లు దిగుతూ కోడలు పళ్ళు కొరికింది. "ఆయన నా బస్సెక్కనీ చెప్తా. ఖాళీ బస్సులో నిలబెట్టి తీసుకెళ్తా!"

ఆ ఆట ఒక సెలవు మధ్యాహ్నం. హాలు నిండా చంటిపిల్లలూ, వాళ్ళను ఎత్తుకున్న తల్లిదండ్రులూ, చిన్ననాడు అదే సినిమా చూసిన పెద్దవాళ్ళూ. అత్తయ్య రానంది. భర్త వినలేదు. "పోయేదేదో మన కళ్ళముందే పోనీ. ఎవరో వచ్చి చెప్తే వినడమెందుకు?" అని చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళాడు. మంత్రుల పాటకు తండ్రులు నవ్వారు. రాణిని చూసి తల్లులు నవ్వారు. జోలపాట మొదలైంది. కొత్తమ్మాయి గొంతు పాలమీగడలా ఉంది. వంక పెట్టడానికి లేదు. అది విని అత్తయ్య మరింత కుంగింది. ఇంత బాగా పాడితే తన గొంతును ఎవరు తలుచుకుంటారు? ఒళ్ళోని సంచి కాడలను మెలిపెడుతూ కూర్చుంది.

గొర్రెలు కాచే పిల్ల వీపు తిప్పింది. సంగీతం ఒక్కటే సాగింది.

ముందువరసలో ఒక ముసలావిడ ఆవలించింది. దాపరికం లేని, దవడలు కీచుమనే ఆవలింత. ఆమె వెనకాయన అందుకున్నాడు. అతని పక్కనున్న భార్య, ఆమె భుజం మీది బిడ్డ, ఆపై వరస, పై వరస. ఏ ఏటి పిల్లలైనా, ఏ ఇంట్లో పాడుకున్నవారైనా, వాళ్ళకు అక్కడ ఆవలింత రావాలి, వచ్చింది. తెర ఇవ్వకపోతే తామే తెచ్చుకున్నారు. ఆ సినిమా ఎన్నడూ చూడని పసివాళ్ళకు కూడా అంటుకుంది. పక్క తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, ఆలస్యమైపోయి, పూర్తిగా ఆవలించాడు. హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులో ఒక పిల్ల గొంతు ఖంగుమంది: "అమ్మా! ఆ అక్క ఆవలించలేదేం? మనమే ఎందుకు ఆవలించాం?"

ఆట అయ్యాక మేనేజరును జనం తలుపు దగ్గరే పట్టుకున్నారు.

"మా ఆవలింత ఏదయ్యా?" అంది ముందువరస ముసలావిడ.

"అది లోపమండీ, పాత రికార్డింగులో పడిన..."

"లోపమా? నా పిల్లలు ముగ్గురూ దాంతోనే పడుకున్నారు. నీ శుభ్రతతో ఒక్కణ్ణి పడుకోబెట్టు చూద్దాం!"

"ఆ అమ్మాయి ఆవలించకపోతే రాక్షసుడు ఎందుకు ఆవలిస్తాడండీ?" అన్నాడు బిడ్డను ఎత్తుకున్న తండ్రి ఒకాయన. "కథే తెగిపోయింది."

అప్పుడు గుంపు వెనకనుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. పాత టేపుల సంగతి తెలిసినవాడని సంస్థ గౌరవంగా పిలిపించిన ఆనాటి రికార్డిస్టు ఆయన. బాగా వంగిపోయాడు. దారి ఇవ్వమంటూ వచ్చి, మేనేజరుతో అన్నాడు: "ఆ ఆవలింత ఉంచినవాణ్ణి నేను. ఆవలించిన మనిషి..." అంటూ చుట్టూ చూసి ఆగిపోయాడు. "ఏమ్మాయ్! ఇక్కడే ఉన్నావా? ఆ రోజు ఇంటికెళ్ళి పడుకున్నావా లేదా?"

జుట్టంతా నెరిసిన ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించింది. "పడుకున్నానండీ. మీరు?"

"ఎక్కడ! నీ పాట ఎడిటింగులో వింటూ కూర్చున్నాను. విన్నప్పుడల్లా ఆవలింతే."

మేనేజరు ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆంటీ అన్నవాడు మేడమ్ అన్నాడు. "క్షమించండి మేడమ్. మీ పేరు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన సరిగ్గా పలికాడో లేదోనని మరోసారి పలికి చూసుకున్నాడు. పాత టేపు చెక్కుచెదరకుండా ఉందనీ, పాత పాటనే ఆవలింతతో సహా పెడతామనీ అందరి ముందూ మాటిచ్చాడు. ముసలావిడ చప్పట్లు కొట్టింది. కోడలు ఆయన్ని బస్సులో కూర్చోనివ్వవచ్చునని అక్కడికక్కడే తీర్మానించింది.

అత్తయ్య హాలు మెట్ల మీదే చతికిలబడింది. ఎన్నాళ్ళనుంచో గుండె మీద కూర్చున్నదేదో లేచి, దులుపుకొని, వెళ్ళిపోయినట్టు ఉంది. తాను రేపు ఉండకపోయినా, గొంతు పోకముందటి తాను ఒక కొండ మీద, ఒక రాక్షసుడి చెవి దగ్గర, ఎప్పటికీ పాడుతూ ఉంటుంది. ఆ ఒక్కటీ నిలిచింది, అదే చాలు. భర్త పక్కన కూర్చున్నాడు.

"ఏడుస్తున్నావా?"

"ఆవలిస్తే కళ్ళల్లో నీళ్ళు రావా ఏంటి?"

విడుదలనాడు ఉదయం ఆటకు ఇంటిల్లిపాదీ వెళ్ళారు. పాట వచ్చింది. ఆమె గొంతే, లేతగా, చీకూ చింతా లేకుండా. ఆవలింత కూడా వచ్చింది. హాలు దానికి బదులిచ్చింది. ఒళ్ళోని మనవరాలు "నాయనమ్మా, నువ్వే!" అని, రెండో చరణం దాటకుండానే తల వాల్చేసింది. అత్తయ్య ఆ తల మీద చెయ్యి వేసి, చాలాకాలానికి, వెనక్కి ఆనుకొని కూర్చుంది.

చివర పేర్లు పడ్డాయి. కోడలు నిలబడి ఒక్కొక్కటే చదివింది. రంగులు కడిగినవారి పేర్లున్నాయి. ధ్వని కడిగినవారి పేర్లున్నాయి. పెట్టెలు మోయించినవారి పేర్లున్నాయి. జోలపాటకు ఎదురుగా, ఎప్పటిలాగే, ఆ పేరున్న గాయని. మేనేజరును అడిగితే, పేర్లు ముందే తయారైపోయాయనీ, వచ్చేసారి చూద్దామనీ అన్నాడు. "పోనీలే బాబూ, పాట ఉంది కదా," అంది అత్తయ్య, నిజంగానే తృప్తిగా.

సంస్థ యజమానులారా! 'పోనీలే' అన్నది ఆమె మంచితనం. దాన్ని బాకీ తీరిందన్న రసీదుగా దాచుకోవద్దు. ఆవలింతను కోయడానికి మీకు తీరిక దొరికింది. కోసినదాన్ని పారేసి కొత్తగా పాడించడానికి దొరికింది. పాడించినదాన్ని తీసి పాతది పెట్టడానికీ దొరికింది. ఒక్క పంక్తి మార్చడానికి మాత్రం దొరకలేదంటే నమ్మేదెవరు? పేరు తెలియదనడానికి మీకు వీలులేదు; ఆమె తన నోటితో చెప్పింది, మీ మేనేజరు తన నోటితో తిరిగి పలికాడు, హాలంతా విన్నది. రేపటి ఆట మొదలయ్యేలోగా జోలపాట ఎదురుగా ఉన్న ఆ పేరు తీసివేయండి. పాడిన మనిషి పేరు వేయండి.